విశాఖలో ఆర్టిస్టుగా నిలదొక్కుకోవడం: చదువు తర్వాతి ఐదేళ్ల లెక్క

విశాఖపట్నంలో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి చోటుకు కొదవ లేదు. వేసిన బొమ్మలు చూపించుకోవడానికి, అమ్ముకోవడానికే ఇబ్బంది. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చదువు పూర్తిచేసుకుని ఏటా కొంతమంది బయటికి వస్తుంటారు. సొంతంగా సాధన చేసినవాళ్లు, పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట కాన్వాస్ ముందు కూర్చునేవాళ్లు వీళ్లకు తోడు. అయితే కొత్తవాళ్లను వెతికి పట్టుకుని, ప్రదర్శన పెట్టి, కొనేవాళ్లను పిలిచి, ఆ తర్వాత కూడా వెంట ఉండే గ్యాలరీలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నంతగా ఇక్కడ లేవు. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, షిప్‌యార్డు, నేవీ, రిఫైనరీ, ఫార్మా కంపెనీలు ఉన్న ఊరిది. డబ్బు లేక కాదు. బొమ్మ కొనే అలవాటు, చూపించే చోటు, ఈ రెండింటినీ కలిపే మనుషులు ఇంకా సరిపడా తయారవలేదు.

అందుకే ఇక్కడ కొత్త ఆర్టిస్టు భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు ప్రతిభ కన్నా ముందు సమయం గురించి, డబ్బు గురించి మాట్లాడాలి. చదువు అయిపోయాక మొదటి నాలుగైదేళ్లలో తిండి కోసం చేసే పని సొంత పనిని పోషిస్తోందా, మింగేస్తోందా? ఎవరు ఆర్టిస్టుగా మిగులుతారు, ఎవరి రంగులు అటక ఎక్కుతాయి అన్నది చాలావరకు దీన్నిబట్టే తేలుతుంది. ప్రతిభ ఉన్నవాళ్లు కూడా ఈ దశలోనే ఎక్కువగా ఆగిపోతారు. ఆ ఆగిపోవడం ఒక్కరోజులో జరగదు కాబట్టి వాళ్లకే తెలియదు.

కాలేజీ వదిలిన రోజు ఏమేం పోతాయో చూడండి. ప్రింట్‌మేకింగ్ (చెక్కిన పలకల నుంచి బొమ్మలు అచ్చు తీయడం) చదివినవాళ్లకు అచ్చు తీసే ప్రెస్ అందుబాటులో ఉండదు. శిల్పం చేసేవాళ్లకు దుమ్ము, చప్పుడు భరించే షెడ్డు ఉండదు. అద్దె ఇంట్లో ఉలి దెబ్బ వినిపిస్తే ఓనరు ఊరుకోరు. పెయింటింగ్ వాళ్లకు కాస్త నయం, ఒక గది ఉంటే సరిపోతుంది. వీటన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. వేసిన బొమ్మ ముందు నిలబడి ‘ఇక్కడ తేలిపోయింది, మళ్లీ చూడు’ అనే మాస్టారు, పక్క ఈజిల్ దగ్గర ఇంకో రకంగా ప్రయత్నిస్తున్న స్నేహితుడు, ఫలానా తేదీకి చూపించాలన్న గడువు, మూడూ ఒకేసారి పోతాయి. గది అద్దెకు దొరుకుతుంది, ఇవి దొరకవు. వీటిని పనిగట్టుకుని మళ్లీ కూర్చుకోవాలి.

తిండి పెట్టే పనులు

విశాఖలో బొమ్మలు వచ్చినవాళ్లకు పని దొరకదని చెప్పలేం. స్కూళ్లలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగాలున్నాయి. దానికోసమే చాలామంది డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు, టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) రాస్తుంటారు. ఆర్కిటెక్చర్, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలైన నాటా, యూసీడ్ లాంటివాటిలో డ్రాయింగ్ పరీక్షిస్తారు కాబట్టి కోచింగ్‌లో బొమ్మలు నేర్పేవాళ్లకు గిరాకీ ఉంది. హోటళ్లు, కేఫ్‌లు, ఆసుపత్రుల పిల్లల వార్డులు, అపార్టుమెంట్ల కింద గోడలు బొమ్మలు కోరుకుంటున్నాయి. పెళ్లిరోజు కానుకలకు ఫోన్‌లో ఫొటో పంపి పోర్ట్రెయిట్ వేయించుకునేవాళ్లున్నారు. వినాయక చవితికి మండపాల సెట్టింగులు, విగ్రహాలకు రంగులు ఎలాగూ ఉంటాయి. ఇంటీరియర్ డిజైనర్లకు సోఫా రంగుకు నప్పే కాన్వాస్‌లు కావాలి.

ఇవన్నీ గౌరవమైన పనులే. ఆర్డరు పని చేస్తే కళకు మచ్చ అనుకునే ధోరణి మన దగ్గర ఇంకా ఉంది గానీ, అది కడుపు నిండినవాళ్ల మాట. అడగాల్సిందల్లా ఆ పని అయ్యాక ఒంట్లో, బుర్రలో ఎంత మిగులుతుంది అని. ఈ కోణంలో చూస్తే అన్నీ ఒకటి కావు. పోర్ట్రెయిట్ ఆర్డర్ల మీద డబ్బు త్వరగా వస్తుంది, కానీ ‘ముక్కు కొంచెం సన్నగా చెయ్యండి’, ‘చీర రంగు మార్చండి’ అనే మెసేజ్‌లు వారాల తరబడి వదలవు. గోడ బొమ్మల్లో ఒకేసారి ముద్దగా డబ్బు చేతికొస్తుంది, అయితే ఎండలో పరంజా మీద వారం నిలబడ్డాక మరో వారం సొంత కాన్వాస్ ముట్టుకోబుద్ధి కాదు. స్కూల్లోనో కోచింగ్‌లోనో పాఠం చెబితే జీతం తక్కువే, కానీ గంట కొట్టాక ఆ పని మన వెంట ఇంటికి రాదు. నెలకు ఇంత అని తెలుసు కాబట్టి అద్దె టెన్షన్ తగ్గుతుంది. మొదటి అయిదేళ్లకు ఆర్డరు వెంట ఆర్డరు పట్టుకోవడం కన్నా గంటలు స్థిరంగా ఉన్న చిన్న ఉద్యోగమే మేలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. చేతికొచ్చేది తగ్గినా మిగిలే పొద్దు దక్కుతుంది.

పేరున్న తెలుగు చిత్రకారుల దారి చూసినా ఇదే కనిపిస్తుంది. విశాఖలో ఉంటూనే దేశమంతటా గుర్తింపు పొందిన వి. రమేష్ ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, బరోడాలో పైచదువు పూర్తిచేసి, తిరిగి ఆంధ్రా యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. తోట వైకుంఠం సినిమాలకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. అంతకుముందు తరంలో అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని విజయనగరం వచ్చి, బొమ్మలు వేస్తూనే పిల్లలకు నేర్పారు. ఇంకో పని చేయడం వీళ్లెవరి కళకూ అడ్డు కాలేదు.

చెన్నై శివార్లలోని చోళమండలం చరిత్ర ఇంకా వివరంగా చెప్పుకోదగ్గది. మద్రాసు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ చుట్టూ చేరిన యువ కళాకారులు 1966లో దాన్ని మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ల పెయింటింగ్‌లు కొనేవాళ్లు దాదాపు లేరు. వాళ్లంతా కలిసి బాతిక్ (మైనం పూసి రంగులద్దే) బట్టలు, చేతిపని వస్తువులు తయారుచేసి అమ్మారు. ఆ డబ్బుతో సముద్రం ఒడ్డున నేల కొన్నారు, ఇళ్లు కట్టుకున్నారు, మిగిలిన సమయంలో తమకు నచ్చిన బొమ్మలు వేసుకున్నారు. వాళ్లు బాతిక్‌ని తమ కళ అని చెప్పుకోలేదు, తక్కువగానూ చూడలేదు. ఏది దేనికోసం చేస్తున్నారో వాళ్లకు స్పష్టంగా తెలుసు. విశాఖలో ముగ్గురు నలుగురు కలిసి మద్దిలపాలెంలోనో కంచరపాలెంలోనో ఒక గది అద్దెకు తీసుకుని, ఆర్డర్లు పంచుకుని, వారంలో కొన్ని రోజులు సొంత పనికి విడిగా పెట్టుకోవడం కష్టసాధ్యమేమీ కాదు. పైన చెప్పుకున్న గడువు, స్నేహితుడి మాట కూడా ఇలా కొంత తిరిగొస్తాయి.

గోడ బొమ్మ ఖర్చు, కాగితం మీద రాత

ఆర్డరు పనిలో నష్టపోవడానికి ముఖ్య కారణం లెక్క వేయకపోవడం. ఉదాహరణకు ఒక కేఫ్‌లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ ఉందనుకుందాం. అంటే 120 చదరపు అడుగులు. అడుగుకు రూ.100 చొప్పున ఒప్పుకుంటే మొత్తం రూ.12,000. వినడానికి బాగుంది. ప్రైమర్, ఎమల్షన్, బ్రష్‌లు కలిపి రూ.3,000. పరంజా అద్దె, సాయం చేసేవాళ్ల కూలి రూ.3,500. ఆటోలు, భోజనాలు రూ.1,000. చివరికి మిగిలేది రూ.4,500. పని ఆరు రోజులైతే రోజుకు రూ.750. ఆపై ఓనరు వచ్చి ‘ఆ మూలన ఇంకో చెట్టు పెట్టండి’ అని రెండు రోజులు లాగితే రోజుకు రూ.560 దాకా పడిపోతుంది. ఇందులో డిజైన్ ఆలోచించిన రాత్రులు లేవు. గోడకు చెమ్మ ఉండి ఆరు నెలల్లో రంగు పొలుసులు లేస్తే ఉచితంగా చేసే మరమ్మతు కూడా లేదు.

కాబట్టి పని మొదలవక ముందే ఒక పేజీ రాత ఉండాలి. గోడ కొలత, ఎన్ని రోజులు, సామాన్లు ఎవరు కొంటారు, పరంజా ఎవరిది, స్కెచ్ దశలో ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, రంగు మొదలయ్యాక మార్పు అడిగితే అదనంగా ఎంత, గోడలో తేమ ఉంటే బాధ్యత ఎవరిది అనేవి అందులో ఉండాలి. సగం అడ్వాన్సు లేకుండా ప్రైమర్ డబ్బా మూత తీయకూడదు. ‘తెలిసినవాళ్లే కదా, రాత ఎందుకు’ అని మొహమాటపడతారు. తెలిసినవాళ్లతోనే రాత ఎక్కువ అవసరం, ఎందుకంటే అక్కడ గట్టిగా అడగలేం.

ఇక్కడే చట్టంలో చాలామంది ఆర్టిస్టులకు తెలియని సంగతి ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా బొమ్మ వేసినవాళ్లే దాని కాపీరైట్‌కు తొలి హక్కుదారు. ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు, వేయగానే ఆ హక్కు పుడుతుంది, బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కానీ అదే చట్టం 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఒకరు డబ్బిచ్చి అడిగితే వేసిన పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్ విషయంలో, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, కాపీరైట్ అడిగినవాళ్లదే అవుతుంది. అంటే కేఫ్ గోడ మీద బొమ్మను ఆ కేఫ్ తమ మెనూ కార్డు మీద, టీషర్టు మీద అచ్చు వేసుకోవచ్చు. ఆర్టిస్టు అదే బొమ్మను ప్రింట్లుగా అమ్ముకోబోతే అభ్యంతరం చెప్పొచ్చు. ‘ఈ బొమ్మ కాపీరైట్ ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది, గోడ మీద ప్రదర్శించుకునే హక్కు మాత్రమే ఇస్తున్నారు’ అని ఒక్క వాక్యం రాసుకుంటే పరిస్థితి మారిపోతుంది.

కాపీరైట్ చేతులు మారినా ఆర్టిస్టుకు మిగిలే హక్కు 57వ సెక్షన్‌లో ఉంది. ఆ పని తనదేనని చెప్పుకోవచ్చు, తన పేరుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే ప్రశ్నించవచ్చు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని (గోడకు అమర్చిన శిల్పాన్ని) 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ మ్యూరల్ భాగాలు ఆయనకు తిరిగివ్వాలని, రూ.5 లక్షలు పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. ప్రతి గోడ బొమ్మకూ ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు, పైగా అంత పోరాటానికి ఓపిక ఎవరికుంటుంది? అయినా సంతకం విషయంలో పట్టు వదలకూడదన్న ధైర్యం ఈ కేసు ఇస్తుంది. గోడ మీద కంపెనీ లోగో పెద్దగా ఉండి ఆర్టిస్టు పేరు ఎక్కడా లేకపోతే, ఆ పని రెజ్యూమేలో రాసుకోవడానికి కూడా ఆధారం మిగలదు.

కంపెనీలు ఇచ్చే చెల్లింపుల్లో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోతపడవచ్చు. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను దాఖలు చేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది ఆ పని చేయక వదిలేసుకుంటారు. పైగా వరసగా రెండు మూడేళ్ల రిటర్నులు ఉంటే బ్యాంకు లోను అడగడానికీ పనికొస్తాయి.

సొంత పని అంటే ఏది

ప్రదర్శనకు ఎంపిక చేసేవాళ్లు ఒక్క మంచి బొమ్మ చూసి తృప్తిపడరు. ఒకే ఆలోచన వెంట ఈ మనిషి ఎంత దూరం వెళ్లగలడు, ఎంత దూరం వెళ్లగలదు అని చూస్తారు. ఒక కృష్ణుడు, ఒక ల్యాండ్‌స్కేప్, ఒక ఏనుగు, ఒక అబ్‌స్ట్రాక్ట్ కలిపి పంపిస్తే చెయ్యి తిరిగినవాళ్లని తెలుస్తుంది తప్ప ఏం చెప్పదలిచారో తెలియదు. ఒకే విషయం మీద పది పన్నెండు పనులు వరసగా ఉంటే ఆ మాట వేరు.

విశాఖలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో దూరం వెళ్లే పని లేదు. డాల్ఫిన్ నోస్, సూర్యోదయం, ఒడ్డున పడవ, అరకు ధింసా అమ్ముడుపోతాయి, అమ్ముకోవాలి కూడా. కానీ ఊరంటే అంతే కాదు. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలు, ఆ ధూళి పాతనగరం డాబాల మీద పేరుకోవడం, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం పాడే ఆడవాళ్లు, గాజువాక వైపు షిఫ్టు మారే వేళ కార్మికుల గుంపులు, బావికొండ, తొట్లకొండల మీద రెండు వేల ఏళ్లనాటి బౌద్ధుల ఇటుకలు, వాటి కిందనే కొత్త విల్లాల పునాదులు. ముంబైలోనో ఢిల్లీలోనో ఉన్న ఆర్టిస్టు రైలెక్కి వచ్చి నాలుగు రోజులు ఉండి పట్టుకోగలిగినవి కావివి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల చేతిలో ఉన్న సంపద ఇది.

దగ్గర్లోని హస్తకళలు మరో వనరు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, చెట్లనుంచి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి కృషిచేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. అక్కడికెళ్లి నెలరోజులు రంగుల తయారీ చూస్తే పెయింటింగ్ వాళ్లకు కూడా ఎంతో తెలుస్తుంది. అయితే ఏటికొప్పాక పనివాళ్ల రూపాలనో సవర గిరిజనుల గోడ చిత్రాలనో తీసి తన పేరుతో కాన్వాస్ మీద పెట్టి అమ్మడం మాత్రం తప్పు. కలిసి పనిచేస్తే వాళ్ల పేరు పెట్టాలి, వాళ్ల వాటా ఇవ్వాలి. ఈ పట్టింపు లేని కొత్తతరం పనులు తరచుగా కనిపించడం బాధ కలిగించే విషయం.

ఉప్పుగాలి

సముద్రపు ఊళ్లో పనిచేసేవాళ్లకే ఉండే కష్టమొకటి పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. జూలై నుంచి నవంబరు దాకా విశాఖ గాల్లో తేమ, ఉప్పు కలిసి ఉంటాయి. గోడకు ఆనించిన కాన్వాస్‌ని సెప్టెంబరులో వెనక్కి తిప్పి చూస్తే మూలల్లో తెల్లగా పొడిలాంటి బూజు, స్టేపుల్ పిన్నుల చుట్టూ గోధుమ రంగు తుప్పు వలయాలు కనిపిస్తాయి. చవక చెక్క ఫ్రేము మెలి తిరిగి ఒక మూల గోడకు అంటదు. కాగితం మీద వేసిన పనుల్లో చిన్న చిన్న పసుపు మచ్చలు తేలతాయి. కొన్నవాళ్ల ఇంట్లో రెండేళ్లకు ఇలా జరిగితే వాళ్లు ఇంకో బొమ్మ కొనరు, పక్కవాళ్లతోనూ కొననివ్వరు.

జాగ్రత్తలు పెద్ద ఖర్చు కావు. బాగా ఆరిన చెక్కతో స్ట్రెచర్ (కాన్వాస్ బిగించే చట్రం) చేయించుకోవాలి. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వాడాలి. కాన్వాస్‌లను బయటి గోడకు ఆనించకుండా, నేల మీద పెట్టకుండా, మధ్యలో గాలి ఆడేలా నిలబెట్టాలి. కాగితానికైతే యాసిడ్ లేని రకం ఎంచుకుని, అద్దానికి బొమ్మ తగలకుండా మౌంటు పెట్టించాలి. ఆయిల్ రంగు వానాకాలంలో ఆరడానికి మామూలు కన్నా ఎక్కువ రోజులు పడుతుంది, ఆ తొందరలోనే చాలా పనులు పాడవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని కుదిపేసినప్పుడు కిటికీలు పగిలి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి రోజు మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు కాబట్టి ప్రతి పనికీ మంచి ఫొటో తీసి ఆన్‌లైన్‌లో దాచుకోవాలి. బొమ్మ పోయినా దాని ఆధారమైనా మిగులుతుంది.

ఆ ఫొటో తీయడంలోనూ తేడా ఉంది. ఎండ పడని పగటి వెలుతురులో, బొమ్మకు ఎదురుగా, నాలుగు అంచులూ సమాంతరంగా ఉండేలా తీయాలి. ఫ్లాష్, ఫిల్టర్లు వద్దు. కింద పేరు, ఏడాది, ఏ రంగులు, ఏ ఉపరితలం, ఎత్తు వెడల్పుల కొలతలు రాసుకోవాలి. ఎవరికి, ఎప్పుడు, ఎంతకు అమ్మారో ఒక పుస్తకంలో రాసుకుంటే పదేళ్ల తర్వాత దాని విలువ తెలుస్తుంది. పదివేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైన అసలు పెయింటింగ్ ధరలో తొలి హక్కుదారైన కళాకారుడికి వాటా ఉంటుందని మన కాపీరైట్ చట్టం చెబుతోంది. ఆచరణలో అది దక్కడం కష్టమే గానీ, రికార్డు లేకపోతే అడగడానికే వీలుండదు.

పోర్ట్‌ఫోలియోతో పాటు ఆర్టిస్టు స్టేట్‌మెంట్ అడుగుతారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఎవరిదో ఇంగ్లిష్ వాక్యాలు అతికిస్తే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ముందు తెలుగులో, ఇంట్లోవాళ్లకు చెబుతున్నట్టు, ఏం గీస్తున్నారు, ఎందుకు ఆ విషయమే, ఆ రంగులే ఎందుకు అని ఒక పేజీ రాసుకోవాలి. తర్వాత ఇంగ్లిష్ బాగా వచ్చిన స్నేహితులతో తిరగ రాయించుకోవచ్చు. ఆలోచన సొంతమైతే భాష అంత అడ్డు కాదు.

ధర ఎంత పెట్టాలి

కొత్తవాళ్లను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే. ఎక్కువమంది వాడే పద్ధతి చదరపు అంగుళం లెక్క. 24 అంగుళాలు, 30 అంగుళాల కాన్వాస్ 720 చదరపు అంగుళాలు. అంగుళానికి రూ.15 పెడితే రూ.10,800. గ్యాలరీ ద్వారా అమ్మితే వాళ్ల వాటా సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. 40 శాతం అనుకుంటే ఆర్టిస్టుకు వచ్చేది రూ.6,480. కాన్వాస్, రంగులు, ఫ్రేము ఖర్చు రూ.3,000 తీసేస్తే రూ.3,480. నెలరోజుల పనికి ఇది తక్కువే. అందుకే మొదటి ధరను ఖర్చుల నుంచి లెక్కగట్టి పెట్టాలి, పక్కవాళ్ల ధర చూసి కాదు. పెట్టిన ధర నెమ్మదిగా పెంచుకుంటూ పోవచ్చు. తగ్గిస్తే మాత్రం ముందు కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. గ్యాలరీలో ఒక ధర, ఇంటికొచ్చి అడిగినవాళ్లకు సగం ధర పెడితే ఆ గ్యాలరీ మళ్లీ పిలవదు. మామయ్య కొడుకు గృహప్రవేశానికి ఇవ్వాల్సి వస్తే తక్కువకు అమ్మడం కన్నా కానుకగా ఇచ్చేయడమే మంచిది, ధర చెడదు.

ఊరి బయటి తలుపులు

కొనేవాళ్లు, ఎంపిక చేసేవాళ్లు వేరే ఊళ్లలో ఉన్నప్పుడు అక్కడికి వెళ్లక తప్పదు. రైలు పటం చూస్తే విశాఖ మంచి చోటే ఉంది. హైదరాబాద్ రాత్రి రైలు దూరం. భువనేశ్వర్ దాదాపు 440 కిలోమీటర్లు. 1954లో ఏర్పడిన కేంద్ర లలిత కళా అకాడమీకి భువనేశ్వర్, చెన్నై రెండు చోట్లా ప్రాంతీయ కేంద్రాలున్నాయి. వాటిలో వర్క్‌షాపులు, స్టూడియోలు ఉన్నాయి. ప్రెస్ దొరక్క ఆగిపోయిన ప్రింట్‌మేకర్లు, చోటు లేని శిల్పులు ముందుగా అడగాల్సింది అక్కడే. మనవాళ్లు హైదరాబాద్ వైపే చూస్తారు గానీ, భువనేశ్వర్ దగ్గరి దారి అన్న సంగతి మరిచిపోతుంటారు. అకాడమీ ఏటా జరిపే జాతీయ ప్రదర్శనకు ముందు ఫొటోలు పంపాలి. ఎంపికైతే అసలు పని పంపాలి.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వయసువాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఇస్తుంది. నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలన్నది షరతు. 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకు రూ.10,000, అది కూడా రెండేళ్లే. ఈ మొత్తంతో బతకలేం. కానీ గది అద్దెలో ఒక వాటా, కాన్వాస్ ఖర్చు ఇందులోంచి వెళ్లిపోతే నెలకు రెండు పోర్ట్రెయిట్ ఆర్డర్లు వదులుకోవచ్చు. అంటే రెండు వారాలు సొంతానికి మిగులుతాయి. స్కాలర్‌షిప్‌ని ఈ లెక్కలో చూడాలి. కొచ్చిలో 2012 నుంచి బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన జరుగుతోంది, దానిలో విద్యార్థులకు ప్రత్యేకంగా స్టూడెంట్స్ బినాలే ఉంది. ఢిల్లీలోని ఖోజ్ సంస్థ కొత్త కళాకారులకు రెసిడెన్సీలు (కొన్నాళ్లు అక్కడే ఉండి పనిచేసుకునే అవకాశాలు) నిర్వహిస్తుంది. హైదరాబాద్‌లో కళాకృతి, సృష్టి లాంటి గ్యాలరీలున్నాయి. గ్యాలరీకి మెయిల్ పెట్టే ముందు అక్కడి ప్రదర్శనలు రెండు మూడైనా చూసి రావాలి. తమ పని అక్కడి గోడకు సరిపోతుందో లేదో అప్పుడే అర్థమవుతుంది.

రవాణా ఖర్చు భయపెడుతుంది గానీ దారి ఉంది. పెద్ద కాన్వాస్‌ని ఫ్రేము నుంచి విప్పి, బొమ్మ బయటి వైపు ఉండేలా లావుపాటి పైపుకు చుట్టి రైల్లో తీసుకెళ్లి, అక్కడ మళ్లీ ఫ్రేముకు బిగించుకోవచ్చు. రంగు పూర్తిగా ఆరకుండా మాత్రం చుట్టకూడదు.

కొత్తవాళ్ల ఆశ మీద బతికేవాళ్లూ ఉన్నారు. అంతర్జాతీయ ఆన్‌లైన్ ప్రదర్శన అని పేరు పెట్టి, ఫీజు తీసుకుని, అందరికీ గోల్డ్ అవార్డు సర్టిఫికెట్ పంపేస్తారు. ఎంపిక చేసేది ఎవరో పేర్లు చెప్పకపోతే, తిరస్కరణ అన్నదే లేకపోతే ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉండదు. ‘మా ఆవిడకు మీ బొమ్మ నచ్చింది’ అని బేరమాడకుండా ఒప్పుకుని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు ఇంకొందరు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్ మీద ఎంత సమయం పెట్టాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. పని జరుగుతున్నప్పుడు తీసిన వీడియోలు ఆర్డర్లు తెస్తాయి, ఎంపిక చేసేవాళ్లు కూడా పేరు వినగానే అక్కడే వెతుకుతారు. రీల్‌కు వచ్చిన చూపుల సంఖ్యను బట్టి తర్వాతి బొమ్మ ఏం వేయాలో నిర్ణయించుకోవడం మొదలైతే మాత్రం కష్టం.

ఊళ్లోనే చూపించడం

బయటికి వెళ్లడంతో పాటు విశాఖలో చూసేవాళ్లను తయారుచేసుకునే పని కూడా కొత్తవాళ్ల మీదే పడింది. గ్యాలరీ వచ్చేదాకా ఆగితే ఏళ్లు గడిచిపోతాయి. అద్దె గదినే రెండు నెలలకోసారి శని, ఆదివారాలు తెరిచి ఉంచవచ్చు. ఇరవై మందిని పిలిచినా చాలు. డాక్టర్లు, నేవీ కుటుంబాలు, స్టీల్ ప్లాంటు ఉద్యోగులు, లెక్చరర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒక ఆర్టిస్టు పనిచేసే చోటు ఎప్పుడూ చూసి ఉండరు. మొదటిసారి వచ్చినవాళ్లు కొనరు. మూడోసారి వచ్చినవాళ్లు చిన్న కాగితం పని ధర అడుగుతారు. అందుకని రెండు మూడు వేల రూపాయల్లో కొనగలిగే చిన్న పనులు, సంఖ్య వేసి సంతకం చేసిన ప్రింట్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

ఇంట్లోవాళ్లను ఒప్పించడం వేరే సంగతి. ‘ఇది కూడు పెడుతుందా’ అన్న ప్రశ్నలో తప్పేం లేదు, ఎందుకంటే ఆ అయిదేళ్ల భారంలో సగం వాళ్లే మోస్తారు. ఆడపిల్లల విషయంలో ఆ అయిదేళ్ల మధ్యలోనే పెళ్లి మాట వస్తుంది. పెళ్లయ్యాక రంగుల పెట్టె ఎక్కడ పెట్టుకోవాలి అన్నది కూడా ముందుగానే మాట్లాడుకోవాల్సిన విషయమే. కల గురించి చెప్పడం కన్నా కాగితం మీద లెక్క చూపిస్తే ఇంట్లో మాట సాగుతుంది. కోచింగ్‌లో నెలకు ఇంత వస్తుంది, గది అద్దెలో నా వాటా ఇంత, ఈ ఏడాది ఈ రెండు ప్రదర్శనలకు, ఈ ఒక్క స్కాలర్‌షిప్‌కు అప్లయ్ చేస్తున్నాను, వచ్చే ఉగాదికి మళ్లీ కూర్చుని చూద్దాం అంటే వాళ్లకూ ఒక పట్టు దొరుకుతుంది.

నగరం వైపు నుంచి జరగాల్సినవీ ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు గోడలకు బొమ్మలు వేయించేటప్పుడు చదరపు అడుగు ధర ఒక్కటే చూడకుండా డిజైన్‌కు వేరుగా చెల్లించాలి, గోడ మీద ఆర్టిస్టు పేరు రాయనివ్వాలి. బీచ్ రోడ్డులోని హవా మహల్ లాంటి పాత కట్టడాల్లో ఏడాదికి కొన్ని వారాలైనా కొత్తవాళ్ల ప్రదర్శనలకు నామమాత్రపు అద్దెకు ఇస్తే చూసేవాళ్లకు ఒక చోటు అలవాటవుతుంది. పెద్ద సంస్థలు కొత్త ఆఫీసు కట్టినప్పుడు రిసెప్షన్ గోడకు ఎక్కడినుంచో ప్రింట్లు తెప్పించే బదులు ఈ ఊరి వాళ్ల అసలు పని కొనవచ్చు. ఆ ఖర్చు మార్బుల్ ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. ఇలాంటివి కోరుతూ వినతిపత్రం ఇచ్చేందుకు ఆర్టిస్టులు ఒక సంఘంగా వెళ్తే అధికారులు వింటారు. ఒక్కొక్కరుగా వెళ్తే పని ఇప్పించమని అడగడానికి వచ్చారనుకుంటారు.